రారాదు

"గా టూల్ నాది. గీడనే పెట్టిన. ఏడికి పోయిందని గంట నుంచి పరేషాన్ అయితున్న."

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ఎదురు సందులో, రెండో అంతస్తులో ఉన్న నెట్‌వర్కింగ్ ట్రైనింగ్ సెంటర్లో జిప్పోరా విన్న మొదటి మాటలివి. వైరు కొసకు కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్ నిజంగానే ఆమె చేతిలో ఉంది. తిరిగిచ్చేసి సారీ అంటే సరిపోయేది. కానీ బాపట్ల నుంచి దిగి నాలుగు రోజులు కాలేదు, నోరు ఇంకా ఊరి మీదే ఉంది.

"గీడ, గాడ, ఏడ... మీరు మాట్లాడేది తెలుగేనా అండీ?"

క్లాసంతా గొల్లుమంది. ఎదుటి కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. పేరు విజయేందర్. నాంపల్లిలో పుట్టి నాంపల్లిలోనే పెరిగినవాడు. తన మాట విని తన ఊళ్లోనే నవ్వేవాళ్లుంటారని అతనికి ఇరవై మూడేళ్లలో ఎప్పుడూ తట్టలేదు. టూల్ తీసుకుని వెళ్లి తన బల్ల దగ్గర కూర్చున్నాడు.

మర్నాడు ఆమె పక్కకు వచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారం అండి. మీకు అభ్యంతరం లేకపోతే ఆ కేబుల్‌ను ఇటు అందించగలరా?"

జిప్పోరా తలెత్తి చూసింది. "ఏంటిది? టీవీలో వార్తలు చదువుతున్నారా?"

"తెలుగు అండి," అన్నాడు అతను సీరియస్‌గా, కేబుల్ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆమె కడుపుబ్బా నవ్వుకుంది. పాపం, ఆ నవ్వు ఎంతకాలం అరగకుండా ఉండిపోతుందో అప్పుడు తెలియదు.

సెంటర్లో పాఠాలు చెప్పే హెర్బర్ట్ సార్ వాళ్లిద్దరినీ ఒకే బల్లకు వేశారు. రెండు రౌటర్లు, మధ్య ఒక కేబుల్. ఆమె కమాండ్లు కొట్టి ఒకటి కాన్ఫిగర్ చేయాలి, అతను ఒకటి. రెండూ మాట్లాడుకోవాలి. ఒక రౌటర్ నుంచి పింగ్ కొడితే అవతలిది 'ఉన్నాను' అని జవాబివ్వాలి. పని అంతే.

లింకు లైట్లు రెండు వైపులా పచ్చగా వెలిగాయి. జవాబు మాత్రం లేదు.

"మీ వైపే తప్పు," అంది జిప్పోరా.

"నా వైపు అన్నీ సక్రమంగానే ఉన్నాయండి."

"అయితే నాకు రాదనా?"

"నేను అలా అనలేదండి."

హెర్బర్ట్ సార్ సికింద్రాబాద్ మనిషి. క్లాసులో మాట్లాడేది సగానికి పైగా ఇంగ్లీషే. ఆయన వచ్చి రెండు స్క్రీన్లూ చూసి కళ్లజోడు నుదుటి మీదికి తోశారు. "లైట్ ఉంది, లింక్ ఉంది. టాక్ చేస్తలేవు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తున్నరు. రూల్ రాసుకోండి. రెండు ఎండ్స్ చెక్ చెయ్యకుండా ఎవర్నీ బ్లేమ్ చెయ్యొద్దు."

చూస్తే ఇద్దరిదీ తప్పే. అడ్రసులో ఆమె ఒక అంకె తప్పు కొట్టింది, అతను ఒక అంకె మింగేశాడు. జిప్పోరా ఆ రూల్‌ను నోట్సులో రాసి కింద రెండు గీతలు కూడా గీసింది. రాసుకున్నవన్నీ పనికొచ్చే వేళకు గుర్తొస్తే మనుషులకు కష్టాలెందుకుంటాయి?

జూలైలో ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టి అబిడ్స్ అంతా కరెంటు పోయింది. వెలుతురు తిరిగి వచ్చేసరికి ఆమె రౌటర్ అప్పుడే డబ్బాలోంచి తీసినంత అమాయకంగా ఉంది. రెండు గంటలు కూర్చుని కొట్టిన కమాండ్లు ఒక్కటీ లేవు.

"సేవ్ చేశారా అండి?" అన్నాడు విజయేందర్.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే టెస్టు.

అతను కుర్చీ లాక్కుని ఆమె కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఒక్కో లైనూ కొడుతూ పోయాడు. ఎక్కడా ఆగలేదు. ఆమె ఇష్టపడి పెట్టుకున్న పేర్లు, ఆమె వాడిన అంకెలు, మధ్యలో ఆమె చేసి దిద్దుకున్న పొరపాటుతో సహా అన్నీ అతనికి తెలుసు.

"మీకెలా గుర్తున్నాయి ఇవన్నీ?"

"మీరు టైప్ చేస్తుంటే చూశాను కదండి."

"మీ స్క్రీన్ మీరు చూసుకోకుండా నా స్క్రీన్ చూశారా?"

అతని చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. "ఇప్పుడైనా సేవ్ చేసుకోండి," అని లేచి కిటికీ దగ్గరికి వెళ్లి వాన చూస్తూ నిలబడ్డాడు. జిప్పోరా సేవ్ చేసుకుంది. ఆ మధ్యాహ్నాన్ని కూడా.

అప్పటినుంచి ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది. క్లాసులో తన స్నేహితుడు అఖిలేష్‌తో మాట్లాడేటప్పుడు విజయేందర్ వేరే మనిషి. "అరే జర ఆగు భాయ్, గట్ల గుంజకు, వైరు తెగుతది" అంటూ గలగలా నవ్వేవాడు. ఆమె వైపు తిరగగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నట్టు ఆ 'అండి'లు, ఆ 'దయచేసి'లు. ఆ మొదటి రోజు నవ్వకుండా ఉంటే ఆ గలగలలో కొంచెం తనకూ దక్కేదని ఆమెకు తెలుసు. 'నాతో కూడా అలాగే మాట్లాడు' అని అడగాలని వందసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. అభిమానం అడ్డొచ్చింది.

కోర్సు ముగిసే శుక్రవారం పొద్దున ఆమే ధైర్యం చేసింది.

"ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెడతారంటగా. రౌటింగ్ పుస్తకం కొనాలి. మీరు వెళ్తారంటగా... నేనూ రావచ్చా?"

విజయేందర్ మొహం వెలిగింది. అంతలో వెనక నుంచి అఖిలేష్ అందుకున్నాడు. "ఏం విజ్జూ, కోర్సు అయిపోతున్నది. ఇగ వార్తలు ఎవరికి చదువుతవ్ రా?"

అందరూ నవ్వారు. విజయేందర్ "ఆలోచించి చెబుతానండి" అని గబగబా మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం ఆమె ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

'ఆదివారం పదింటికి పుస్తకాల దగ్గర ఉంటాను. రారాదు.'

చాపెల్ రోడ్డులో తను ఉంటున్న మేరమ్మ పిన్ని ఇంటి గుమ్మంలో నిలబడి జిప్పోరా ఆ మాటను పదిసార్లు చదివింది. బాపట్లలో ఆ మాట గోడల మీద ఉంటుంది. అనుమతి లేనిదే లోనికి రారాదు. చెప్పులతో రారాదు. నేనూ రావచ్చా అని అడిగితే, రారాదు అన్నాడు. వార్తలు చదివినట్టే, స్పష్టంగా, చివర చుక్క పెట్టి మరీ.

నలుగురిలో నేను నవ్వులపాలయ్యింది నీ వల్లే, ఇక చాలు అని అతను అన్నట్టు అనిపించింది ఆమెకు. ఒకే ఒక్క మాట కొట్టి పంపించింది.

'సరే.'

ఆదివారం చర్చిలో అందరూ పాడుతుంటే ఆమె పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుంది. పదిన్నరకు చినుకులు మొదలయ్యాయి. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తడుస్తాయేమో అనుకుంది. అతను తడుస్తాడేమో అని కూడా అనుకుని, నాకెందుకు అనుకుంది.

ఆ తర్వాత అతని దగ్గర్నుంచి ఒక్క మెసేజ్ లేదు.

ఏడాది గడిచింది. జిప్పోరా బషీర్‌బాగ్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగంలో చేరింది. షాపుల్లో, ఇళ్లలో, ఆఫీసుల్లో రౌటర్లు బిగించడం పని. చెయ్యి తిరిగింది. నిచ్చెన ఎక్కి గోడకు మేకు కొట్టడం దగ్గర్నుంచి అన్నీ వచ్చాయి. ఒక్క అతన్ని మరిచిపోవడమే రాలేదు.

ఎక్కడ సేవ్ కొట్టినా ఆ వాన మధ్యాహ్నం గుర్తొచ్చేది. ఫోన్లో అతని పేరు తెరిచి, ఫొటో మారిందా అని చూసి, మూసేసేది. ఆదివారం అబిడ్స్ మీదుగా పోవలసిన పని పడితే చుట్టుదారిన వెళ్లేది.

ఒకసారి ఖైరతాబాద్‌లో ఒక ఆఫీసుకు వెళ్తే అక్కడ ఒక పాత కేబుల్‌కు రెండు కొసలా చీటీలు అంటించి ఉన్నాయి. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని. ఆ నిలువు అక్షరాలు అతనివే. సెంటర్లో ఉన్నప్పుడు "ఒక కొసకే చీటీ వేస్తే ఇంకో కొస అనాథ అవుతుందండి" అనేవాడు. ఆ కేబుల్ మార్చాలని ఆమెకు ఆర్డరు. మార్చలేదు. బొటనవేలితో ఆ చీటీని ఒకసారి నిమిరి, 'కేబుల్ బాగానే ఉంది' అని రిపోర్టు రాసి వచ్చేసింది. అది బాగానే ఉంది కూడా, అబద్ధమేమీ కాదు.

జూన్‌లో బాపట్ల దగ్గర ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అదే వారం హెర్బర్ట్ సార్ ఫోన్ చేసి, "ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ పోస్ట్ ఉంది, నువ్వైతే బాగుంటది, సండే దాకా ఆగుత" అన్నారు. ఆ ల్యాబు, ఆ బల్ల, ఆ కిటికీ. రోజూ వాటి మధ్య కూర్చోవడం తన వల్ల కాదనుకుంది జిప్పోరా. బాపట్లకు టికెట్ తీసుకుంది. సోమవారం సాయంత్రం, నాంపల్లి స్టేషన్లో రైలు.

"ఉద్యోగం కోసం పోతున్నావా, ఊరి మీద కోపంతో పోతున్నావా?" అంది మేరమ్మ పిన్ని పెట్టె సర్దుతూ.

"రెండూ ఒకటే పిన్నీ."

"ఒకటే అయితే ఆ ఫోను అన్నిసార్లు ఎందుకు చూస్తావే?"

శనివారం ఆమె ఆఖరి పని నాంపల్లిలోనే పడింది. స్టేషన్ వెనక ఒక సందులో పాత ఇల్లు. తలుపు తీసింది డెబ్బై ఏళ్ల విద్యావతమ్మ. జిప్పోరా రౌటర్ డబ్బా పట్టుకుని గుమ్మం ముందు నిలబడింది.

"గాడనే నిలబడ్డవేంది బిడ్డా? లోపటికి రారాదు!"

జిప్పోరా గతుక్కుమని రెండడుగులు వెనక్కి వేసింది. చెప్పులు చూసుకుంది. విప్పే ఉన్నాయి.

"సారీ అమ్మా. బయటే ఉంటాను. వైరు ఎక్కడుందో కిటికీలోంచి చూపిస్తే..."

"బయట ఉంటవా? ఎందుకట్ల? రారాదు అంటున్న గదా!"

"అందుకేనమ్మా రావట్లేదు."

విద్యావతమ్మ లోపలికి తిరిగి కేక వేసింది. "స్నేహా! జర ఇటు రా. గీ పిల్ల పిలుస్తుంటే వెనక్కి పోతున్నది!"

కాలేజీకి పోయే మనవరాలు వచ్చింది. విషయం విని పడీ పడీ నవ్వింది. "అక్కా, మీది ఆంధ్రానా? రారాదు అంటే రావొద్దని కాదు. రమ్మని. రావొచ్చు గదా అని ముద్దుగా పిలుస్తున్నది నానమ్మ."

"కూసోరాదు బిడ్డా," అంటూ విద్యావతమ్మ చెయ్యి పట్టి లోపలికి లాగింది. "గిన్ని నీళ్లు తాగరాదు. మొకం తెల్లగ పాలిపోయిందేంది?"

జిప్పోరా కూర్చుంది.

"రాసినా అంతేనా?" అని అడిగింది స్నేహను. "చివర ప్రశ్న గుర్తు లేకపోయినా? ఉత్త చుక్క పెట్టినా?"

"మెసేజ్‌ల గుర్తులు ఎవరు పెడ్తరక్కా?"

నేనూ రావచ్చా అని అడిగింది. రారాదు అన్నాడు. ఆర్నెల్ల పాటు ఆమె కోసం కూడబలుక్కున్న భాషంతా పక్కన పెట్టి, ఆ ఒక్క మాటతో తన సొంత భాషలో, తన ఇంటి మాటలో పిలిచాడు. తను సరే అంది. సరే అని, వెళ్లలేదు. ఆ వానలో అతను ఎంతసేపు నిలబడ్డాడో.

నీళ్ల గ్లాసు పట్టుకుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. విద్యావతమ్మ కంగారుపడి, "గీ రౌటర్ లేకుంటే ఏమైతది బిడ్డా, నువ్వు ఫికర్ చెయ్యకు" అంది.

రౌటర్ బిగించి బయటికి వచ్చి సందు మలుపులో నిలబడి ఆమె ఫోన్ తీసింది. ఏం రాయాలో వెతుక్కోలేదు. అవే మాటలు కొట్టింది.

'ఆదివారం పదింటికి పుస్తకాల దగ్గర ఉంటాను. రారాదు.'

రెండు టిక్కులు నీలంగా మారాయి. జవాబు లేదు. గంట గడిచింది. ఇంటికి చేరాక ఉన్నట్టుండి ఆమెకు అనుమానం వచ్చింది. అతను ఏ తెలుగులో చదివాడు? ఆమె కోసం ఆమె తెలుగు నేర్చుకున్నవాడు కదా! ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

ఆదివారం ఏడింటి ఆరాధన అయ్యీ అవ్వగానే అబిడ్స్‌కు పరుగెత్తింది. ఫుట్‌పాత్ పొడవునా పుస్తకాలు. పది దాటింది, పదకొండు దాటింది. చినుకులు పడ్డాయి. పుస్తకాలవాళ్లు నీలం పట్టాలు కప్పి షాపుల చూరు కిందికి జరిగారు. జిప్పోరా జరగలేదు. అతను నిలబడ్డన్ని గంటలు నిలబడందే తనకు వెళ్లే హక్కు లేదనిపించింది. పన్నెండయ్యింది. ప్రతి బస్సు దిగినవాళ్లలోనూ అతన్ని వెతికింది. రేపు ఈపాటికి పెట్టె కట్టేసి ఉంటుంది. అప్పుడిక ఎవరు ఎవరిని పిలిచినా వినపడదు.

"నమస్కారం అండి."

వెనక్కి తిరిగింది. విజయేందర్. గొడుగు ఉంది, తెరవలేదు. నిలువునా తడిసి ఉన్నాడు. కొంచెం సన్నబడ్డాడు.

"మీరు... వచ్చారు," అంది.

"వచ్చానండి." మాటల మీది ఇస్త్రీ చొక్కా ఊడిపోయింది. "నిన్నటి నుంచి పరేషాన్ అయిన. నీ తెలుగుల సూస్తే రావొద్దని. నా తెలుగుల సూస్తే రమ్మని. ఫోన్ ఎత్తి అడుగుదామంటే భయమైంది. రావొద్దనే అంటే ఇగ అయిపోతది గదా. గప్పుడు హెర్బర్ట్ సార్ మాట యాదికొచ్చింది. రెండు దిక్కులా సూడాలె. సూసిన. నిరుడు నేను పంపింది తీసి నీ తెలుగుల సదివిన. సదివి, పోస్టాఫీసు మెట్ల మీద రెండు గంటలు కూసున్న."

"సారీ," అంది జిప్పోరా. ఆ మొదటి రోజు చెప్పాల్సిన సారీ అది. "ఎంతసేపు నిలబడ్డావు ఆ రోజు?"

"పుస్తకాలు ఎత్తేసేదాక. సరే అన్నవ్ గదా. వస్తవనుకున్న."

అతను సంచిలోంచి ప్లాస్టిక్ కవర్ చుట్టిన పుస్తకం తీశాడు. పాత రౌటింగ్ పుస్తకం. మొదటి పేజీలో ఒక చీటీ: విజయేందర్ నుంచి. చివరి పేజీలో ఒక చీటీ: జిప్పోరాకు.

"ఏడాది నుంచి గీ కొస ఎవరి దగ్గరకూ పోలే," అన్నాడు.

"ఎప్పుడూ ఇలాగే మాట్లాడతావా నాతో? ఇలా, గిట్లనే?"

"నవ్వుతవ్."

"నవ్వను. ప్రేమిస్తున్నాను." అనేసి తనే ఉలిక్కిపడింది. పట్టా కింద పుస్తకాలు సర్దుకుంటున్న ముసలాయన తలెత్తి చూసి, మర్యాదగా అటు తిరిగిపోయాడు.

"నేను నీ స్క్రీన్ సూసినప్పటి నుంచే," అన్నాడు విజయేందర్.

వాన పెరిగింది. గొడుగు తెరిచి ఆమె మీదికి పట్టాడు. అప్పుడు చెప్పింది ఆమె, బాపట్ల ఉద్యోగం, రేపటి రైలు.

"పోరాదు," అన్నాడు.

అతని తెలుగులో, వెళ్లమంటున్నాడా?

"ఏ... ఏ తెలుగులో?"

"నీ తెలుగుల." గొడుగు ఇంకాస్త ఆమె వైపు వంచాడు. "గోడల మీద రాస్తరే, గా తెలుగుల. పోరాదు."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "సరే."

"నీ సరే నేను నమ్మ. నిరుడు గూడ సరే అన్నవ్."

నిజమే మరి. జిప్పోరా అక్కడికక్కడే హెర్బర్ట్ సార్‌కు ఫోన్ కలిపి, అతనికి వినపడేలా స్పీకర్ నొక్కింది.

"సార్, ల్యాబ్ పోస్ట్ ఇంకా ఉందా?"

ఆదివారం, ఇంట్లో భోజనం ముందు ఉన్నట్టున్నారు. క్లాసులోని ఇంగ్లీషు ఆయన గొంతులో మచ్చుకైనా లేదు.

"ఉన్నది బిడ్డా, నీ కోసమే పెట్టిన. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి రారాదు!"